నెలకు ఏడు పౌన్ల కుట్టుపని

మొన్న ఉగాది నాడు మన సంఘం భోజనాల వరుసలో నిలబడి ఉండగా వెనకనున్న పెద్దావిడ ఒకరు నా భుజం తట్టి, "అమ్మాయ్, జాకెట్టు చక్కగా కుదిరింది. ఇక్కడ ఎవరు కుడుతున్నారు?" అని అడిగారు. "నేనే కుట్టుకున్నానండీ" అన్నాను. ఆవిడ పులిహోర గరిటె అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, "డాక్టరువి, నీకేం ఖర్మమ్మా!" అన్నారు. అన్నది ప్రేమతోనే. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట విన్నవారిలో మన పత్రిక సంపాదకులు కూడా ఉన్నారు. "ఆ ఖర్మ ఏమిటో నాలుగు పేజీలు వ్రాసి ఇవ్వండి" అని అక్కడే పట్టుకున్నారు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట దాచకుండా చెప్పేస్తాను. నేను కుట్టుపని మొదలుపెట్టింది సరదాతో కాదు. మాది ప్రస్తుతం ఒక జీతం మీద నడుస్తున్న ఇల్లు. మావారూ డాక్టరే. మాంచెస్టర్ వెళ్ళి ప్లాబ్ రెండో భాగం కూడా పూర్తిచేసి, రిజిస్ట్రేషను తెచ్చుకుని, పద్నాలుగు నెలలుగా ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతూనే ఉన్నారు. ఒక్కొక్క పోస్టుకు వందలమంది. పెద్దవాడు బడికి వెళ్తాడు, చిన్నది నర్సరీకి. ఆ నర్సరీ బిల్లు చూస్తే మా గుంటూరు మెడికల్ కాలేజీలో అయిదేళ్ళూ నేను కట్టిన ఫీజు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అద్దె, పరీక్ష ఫీజులు, ఊళ్ళో తీర్చవలసిన అప్పు, అన్నీ పోను నెలాఖరుకు మిగిలేది మీరే ఊహించుకోండి. ఇలాంటి ఇళ్ళు మనలో మాదొక్కటే కాదని నాకు తెలుసు. సభల్లో మాత్రం ఎవరమూ చెప్పుకోం. పట్టుచీర కట్టుకుని వచ్చి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్తాం.

ఆ పట్టుచీర దగ్గరే వచ్చింది చిక్కు. చిన్నది పుట్టాక నా పెట్టెలో ఉన్న పద్నాలుగు జాకెట్లలో ఒక్కటీ పట్టలేదు. చీరకేం, ఎవరికైనా సరిపోతుంది. జాకెట్టు అలా కాదు. ఈ దేశంలో మన జాకెట్టు కుట్టేవాళ్ళను వెతికి పట్టుకుని అడిగితే, వదులు చెయ్యడానికి ఒక్కోదానికి ఎనిమిది పౌన్లు, కొత్తది కుట్టడానికి పాతిక అన్నారు. వాళ్ళ శ్రమకు అది ఎక్కువేమీ కాదు. మాకు మాత్రం ఎక్కువే. నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక జాకెట్టు తిరగేసి దీపం కింద చూశాను. పక్కల లోపల మూడు వరసల కుట్లు ఉన్నాయి. మన దర్జీలు ముందుచూపుగలవాళ్ళు. లోపల గుడ్డ వదిలి, బిగువుగా ఒక కుట్టు, దానికి అరంగుళం ఎడంగా ఇంకో కుట్టు, అంచున మరొకటి వేసి పంపుతారు. లోపలి కుట్టు విప్పితే చాలు, జాకెట్టు దానంతటదే వదులవుతుంది. పద్నాలుగింటిలో తొమ్మిదింటికి అలాంటి అవకాశం ఉంది. కుట్టుపని అంటే కొత్తది తయారుచెయ్యడం అనుకుంటాం. ముందు నేర్చుకోవలసింది విప్పడం. దానికి చిన్న కత్తెర, మంచి వెలుతురు, ఓపిక ఉంటే చాలు. ఖర్చు సున్నా.

విప్పాను గానీ తరువాత చేతి కుట్టు వెయ్యాలి కదా. హౌస్ సర్జన్సీలో క్యాజువాలిటీలో ఎన్ని గాయాలు కుట్టలేదు, ఇదెంత అనుకున్నాను. రెండిటికీ పోలికే లేదు. గాయానికి ఒక కుట్టు వేసి ముడి, ఇంకో కుట్టు వేసి ముడి. ఒకటి తెగినా మిగతావి పట్టుకుంటాయి. జాకెట్టు పక్క అలా కుడితే చెయ్యి పైకెత్తగానే పటపటమంటుంది. గాయమైతే మానుతుంది, గుడ్డ మానదు. తొమ్మిది జాకెట్ల చంకలూ చేతితో కుట్టడం నావల్ల కాదని రెండో దానికే తేలిపోయింది.

మిషను

ఒక శనివారం మా వీధి చివరనున్న ఛారిటీ దుకాణం కిటికీలో నల్లటి సింగర్ మిషను ఒకటి కనబడింది. చేతితో తిప్పేది. నల్లటి ఒంటి మీద బంగారు రంగు తీగలు, చెక్క అడుగు, గూడులాంటి చెక్క మూత. ధర పాతిక పౌన్లు. ఎదురుగా నిలబడి మనసులో లెక్క వేసుకున్నాను. మూడు జాకెట్ల వదులు ఖర్చు. కొనేసి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పదికిలోల పైమాటే. మావారు తలుపు తీసి, "ఇది పనిచేస్తుందా, లేక షోకేసులో పెట్టుకోవడానికా?" అన్నారు. చక్రం తిప్పబోతే కదల్లేదు.

పాత మిషను కొనదలచుకున్నవారికి నా అనుభవంలో తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను. చక్రం బిగుసుకున్నంత మాత్రాన మిషను పాడైనట్టు కాదు. చాలాసార్లు లోపల పాత నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. మెత్తటి గుడ్డతో, పాత పళ్ళ బ్రష్షుతో దుమ్మూ దారపు పోగులూ తీసి, కదిలే చోటల్లా కుట్టుమిషను నూనె చుక్క చుక్కగా వేసి, ఒక రాత్రి ఉంచి నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే కదులుతుంది. వంటనూనె మాత్రం వెయ్యకండి, అదే మళ్ళీ జిగురవుతుంది. రెండోది, బాబిన్, బాబిన్ కేసు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. మూడోది, కరెంటు మిషనైతే వైరు చీలి ఉన్నా, పెళుసుబారి ఉన్నా దాని జోలికి పోవద్దు. చేతిమిషనుకు ఆ బెడదే లేదు. నాలుగోది, సూది. నా మిషనుకు నేటికీ బజారులో దొరికే మామూలు సూదులే సరిపోయాయి. పట్టుకు 70, నూలుకు 80, బరువైన జీను గుడ్డకు 100. మొద్దుబారిన సూది గుడ్డను పీకుతుంది. మనం సిరంజి సూదిని ఒక్కసారి వాడి పారేస్తాం గానీ ఇంట్లో కుట్టు సూదిని ఏళ్ళతరబడి వాడతాం. ఏడెనిమిది గంటల కుట్టుకు ఒకసారి మార్చుకుంటే మంచిది.

తుడుస్తూంటే మిషను నంబరు పక్కన ఉన్న మోడల్ పేరు కనబడింది, 99కె. ఆ 'కె' కిల్‌బౌయీకి గుర్తు. మనలో గ్లాస్గో చుట్టుపక్కల ఉండేవారు క్లైడ్‌బ్యాంక్ మీదుగా రైలులో వెళ్తూ 'సింగర్' అనే స్టేషను చూసే ఉంటారు. గాయకుల పేరేమో అనుకున్నాను మొదట్లో. 1885లో అక్కడ సింగర్ కంపెనీవారి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ తెరిచారు. నాలుగువైపులా గడియారం ఉన్న ఎత్తైన గోపురం దానికి గుర్తుగా ఉండేదట. ఒకప్పుడు పదివేలమందికి పైగా పనిచేసేవారు. 1911 మార్చిలో, తక్కువమంది చేత అదే పని చేయించబోతే, చెక్కపెట్టెలకు మెరుగుపెట్టే డజనుమంది ఆడవాళ్ళు పని ఆపేశారు. వాళ్ళకోసం ఫ్యాక్టరీలో వేలమంది బయటికి వచ్చారు. గడియారపు గోపురాన్ని 1963లో పడగొట్టారు. 1980లో ఫ్యాక్టరీయే మూసేశారు. మిగిలింది స్టేషను పేరు, మ్యూజియంలో కొన్ని మిషన్లు, లోకమంతటా ఇళ్ళలో ఇంకా తిరుగుతున్న చక్రాలు.

అమ్మ

మిషను కదిలిన రోజు ఉత్సాహం పట్టలేక తెనాలికి అమ్మకు వీడియోలో ఫోను చేసి చూపించాను. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, "అంత ఇబ్బందిలో ఉన్నారటే? పోస్టాఫీసులో నా డబ్బు లక్షదాకా ఉంది, పంపమంటావా?" అంది.

దీనికి వెనక కథ కొంత చెప్పాలి. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఆ జీతంతో ఇల్లు గడవక అమ్మ వీధిలోవాళ్ళకు జాకెట్లు కుట్టేది. కాలుతో తొక్కే మిషను, అది కూడా వాయిదాల మీద కొన్నది, రెండో చేతిది. జాకెట్టుకు ఇరవై రూపాయలు. శ్రావణమాసంలో, మాఘమాసంలో పెళ్ళిళ్ళప్పుడు మా ముందుగది నిండా ఆది జాకెట్లు చుట్టిన గుడ్డమూటలే. రాత్రి ఒంటిగంటకు నాకు మెలకువ వస్తే మిషను చప్పుడు వినిపిస్తూ ఉండేది. ఆ చప్పుడు ఆగితేనే నిద్ర చెడేది. అయినా అమ్మ నన్ను ఒక్కనాడూ మిషను దగ్గరికి రానివ్వలేదు. చక్రం తిప్పబోతే చేతి మీద ఒక్కటి వేసేది. "దీని జోలికి రాకు. వచ్చిందో, ఇక్కడే కూర్చుంటావు. పో, పుస్తకం తియ్యి" అనేది. బొత్తాం కుట్టడం కూడా నేర్పలేదు. నేను ఎంసెట్ రాసి సీటు తెచ్చుకున్న రోజున మిషను మీద కొబ్బరికాయ పెట్టి దణ్ణం పెట్టుకుంది. నేను నేర్చుకోకపోవడమే ఆమె సాధించినది. అలాంటిది పాతికేళ్ళ తరువాత, డాక్టరైన కూతురు, వేరే దేశంలో, మిషను ముందు కూర్చుని నవ్వుతూ కనబడితే ఆమెకెలా ఉంటుంది? నాకు ఆ ఆలోచనే రాలేదు.

"ఇబ్బంది కాదమ్మా, సరదాకి" అన్నాను.

"మిషను సరదా ఏమిటే? నడుం నెప్పి పుట్టించేది సరదానా?" అని ఫోను పెట్టేసింది.

డబ్బు పంపనివ్వలేదు. కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. "సరదాకి" అని నేనన్నది సగం అబద్ధమేనని మా ఇద్దరికీ తెలుసు.

నేర్చుకోవడం

మొదట కుట్టింది దిండు గలీబు. నాలుగు తిన్నని కుట్లు. దారం, గుడ్డ కలిపి ఆరు పౌన్లయింది. మా పక్కనున్న సూపర్ మార్కెట్టులో అలాంటివి రెండు కలిపి నాలుగు పౌన్లకే ఉన్నాయి. ఇది అందరూ తెలుసుకోవలసిన సంగతి. కొత్త బట్టలు కుట్టుకుంటే డబ్బు మిగులుతుందనేది ఈనాడు చాలావరకు నిజం కాదు. పిల్లల టీషర్టు ఖరీదుకు దానికి కావలసిన గుడ్డ కూడా రాదు. మన అమ్మల కాలంలో రెడీమేడ్ ప్రియం, కుట్టుకూలి చవక. ఇప్పుడు ఇక్కడ రెడీమేడ్ చవక, కుట్టుకూలి ప్రియం. కాబట్టి చేతి కుట్టుకు విలువ ఎక్కడ ఉందంటే, కూలి ఎక్కువపడే పనుల్లో ఉంది. వదులు చెయ్యడం, పొడుగు తగ్గించడం, జిప్పు మార్చడం, చీరకు ఫాల్ వెయ్యడం, మన కొలతలకు మాత్రమే కుదిరే జాకెట్టు కుట్టడం. ఇవి చేసుకున్నవారికి మిగులు. మిగతావి కొనుక్కోవచ్చు, సిగ్గుపడనక్కరలేదు.

రెండో వారం గుడ్డ అడుగున దారం ఉండలు ఉండలుగా చిక్కుపడడం మొదలైంది. అడుగున చిక్కు గనక అడుగునున్న బాబిన్‌దే తప్పని దాన్ని పదిసార్లు విప్పి బిగించాను. తగ్గలేదు. విసుగెత్తి మొహమాటం పక్కనపెట్టి అమ్మకు ఫోను చేశాను. బొమ్మ చూపించబోతే వద్దంది. "చక్రం తిప్పు, చప్పుడు వినిపించు" అంది. తిప్పాను. "పైదారం బిగువు బిళ్ళల మధ్య కూర్చోలేదు. పాదం పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించు" అంది. అంతే, కుట్టు ముత్యాల వరసలా వచ్చింది. పిత్తాశయంలో రాయి ఉన్నవాళ్ళు కుడి భుజం నెప్పి అని వస్తారు, భుజాన్ని ఎంత చూసినా ఏమీ కనబడదు. ఇదీ అంతే. చిక్కు కింద, కారణం పైన. అయిదువేల మైళ్ళ దూరాన్నుంచి చప్పుడు విని రోగం చెప్పిన మా అమ్మను మించిన ఫిజీషియనును నేను చూడలేదు.

ఆనాటినుంచి ఆదివారం మధ్యాహ్నం మాకు పాఠం. మొదట్లో ఆమె ఇష్టం లేనట్టే చెప్పేది. "ఎలాగూ మొదలెట్టావు, పాడుచెయ్యకుండా అన్నా చెయ్యి" అనేది. ఆమె చెప్పినవాటిలో కొన్ని మీకోసం.

గుడ్డను కత్తిరించేముందు తడిపి ఆరబెట్టాలి. ముఖ్యంగా జాకెట్టు లోపలి లైనింగు నూలుగుడ్డ, చీరకు వేసే ఫాల్. తడపకుండా కుడితే మొదటి ఉతుకులో అవి కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. తరువాత ఇస్త్రీ పెట్టెను ఎంత అదిమినా లాభం లేదు.

కొత్త కొలతల కోసం తంటాలు పడవద్దు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ముక్కలను ఇస్త్రీ చేసి, దినపత్రిక కాగితం మీద పరిచి గీసుకుంటే అదే జీవితకాలం పనికొచ్చే కొలత. ఎంత గుడ్డ లోపలికి పోయిందో విప్పేముందే గీత పెట్టుకోవాలి.

నిలువుపోగు ఎటు ఉందో చూసి కొయ్యాలి. చేతులు అడ్డంగా కోస్తే మోచెయ్యి దగ్గర పీకుతుంది. నేను ఒక పట్టు జాకెట్టు ముక్క అలాగే పాడుచేశాను. దాని ఖరీదు అడిగితే అమ్మ నేటికీ చెప్పలేదు.

పాత మిషనుకు తిన్నని కుట్టు ఒక్కటే వచ్చు. అంచులు పోగులు ఊడకుండా ఉండాలంటే, ముందు వెలుపలివైపు సన్నగా ఒక కుట్టు వేసి, తిరగేసి ఆ అంచు లోపల దాగేట్టు రెండో కుట్టు వెయ్యాలి. ఓవర్‌లాక్ మిషను అక్కర లేదు.

గుడ్డ సంగతి. బట్టల దుకాణంలో మీటరు ధర చూసి భయపడవద్దు. ఛారిటీ దుకాణాల్లో నూలు దుప్పట్లు రెండు మూడు పౌన్లకు దొరుకుతాయి. ఇద్దరు పడుకునే మంచం దుప్పటి సుమారు రెండుం పావు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల పొడుగు ఉంటుంది. దానిలో రెండు లంగాలు తీసి, మిగిలినదాంట్లో కూరగాయల సంచులు కుట్టాను. నూరుపాళ్ళు నూలు అని చీటీ మీద ఉన్నదే తీసుకోండి. ఇంట్లోనే ఇంకో గని ఉంది, పాత నూలుచీరలు. అయిదున్నర మీటర్ల గుడ్డ, ఉతికి ఉతికి మెత్తబడినది. చిన్నదాని గౌన్లకు అంతకు మించిన గుడ్డ లేదు. చిరిగినవాటిని మన ఊళ్ళో బొంత కుట్టినట్టే పొరలు పొరలుగా వేసి కుడుతున్నాను. ఇంకా సగమే అయింది. ఈ చలిదేశంలో బొంత విలువ నేను చెప్పనక్కరలేదు.

ఇక డాక్టరుగా నా సొంత నియమం ఒకటి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు కత్తెర పట్టను. తప్పు కుట్టును విప్పవచ్చు, తప్పు కోతను అతికించలేం. ఆ రోజుల్లో బొత్తాలు, హుక్కులు మాత్రమే కుడతాను. కూర్చునే కుర్చీ ఎత్తు సరిచూసుకోండి, అరగంటకొకసారి లేచి నడవండి. సూది గుచ్చుకుంటే సబ్బునీళ్ళతో కడగండి. ధనుర్వాతం టీకాలు ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేనివారు ఒకసారి కనుక్కోండి.

లెక్క

మాకు నెలకు ఏడు పౌన్లు కుట్టుకు కేటాయించాం. మించితే వచ్చే నెల ఆగాలి. ఒక సంవత్సరం లెక్క ఇదిగో. మిషను 25, నూనె, సూదులు, దారాలు 14, మంచి కత్తెర 8, గుడ్డలు, దుప్పట్లు 31. మొత్తం 78 పౌన్లు. సంవత్సరానికి ఏడు చొప్పున 84 పౌన్లలో ఇంకా 6 మిగిలాయి.

బయట చేయిస్తే అయ్యే ఖర్చు చూద్దాం. వదులు చేసిన జాకెట్లు తొమ్మిది, 72 పౌన్లు. కొత్తగా కుట్టినవి మూడు, 75. పెద్దవాడి బడి ప్యాంట్ల అంచులు ఆరు, ఒక్కోటి 7 చొప్పున 42. జిప్పులు రెండు, 24. మొత్తం 213. తీసివేయగా మిగిలింది 135 పౌన్లు. నా గంటల కూలి లెక్కవేస్తే ఇది నష్టమే. అయితే ఆ గంటల్లో నాకు ఎవరూ జీతం ఇవ్వరు గనక దాన్ని లెక్కించలేదు. 135 పౌన్లతో మా కష్టాలు తీరలేదు, తీరవు కూడా. ఒక నెల నర్సరీ బిల్లులో అదొక మూల. కుట్టు నేర్చుకుంటే ధనవంతులవుతారని మీకు చెబితే అది మోసం.

మరి ఎందుకు? లెక్కలోకి రానివి రెండు ఉన్నాయి.

ఒకటి మావారి సంగతి, ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను. "మీ దరఖాస్తు పరిశీలించాం, విచారిస్తున్నాం" అని ఉత్తరం వచ్చిన రోజున ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు అలా కూర్చుని ఉండగా చేతికి జాకెట్టూ చిన్న కత్తెరా ఇచ్చి, ఈ కుట్టు విప్పిపెట్టమన్నాను. గుడ్డ తెగకుండా ఒక్కొక్క కుట్టు లాగి గంటన్నరలో శుభ్రంగా విప్పి ఇచ్చారు. అప్పటినుంచి మా ఇంట్లో విప్పడం ఆయన పని, కుట్టడం నాది, చక్రం తిప్పడం పెద్దవాడిది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో గుడ్డ నడపడం మొదట్లో కష్టం, వాడు తిప్పితే నాకు రెండు చేతులూ ఖాళీ. ఆయనకు ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ నెలల తరబడి ఆయన మొదలుపెట్టి పూర్తిచేసి, "అయింది" అనగలిగిన పని అదొక్కటే.

రెండోది అమ్మ సంగతి. గత డిసెంబరులో ఒకరోజు నాకు అనుమానం వచ్చి, "అమ్మా, నీ మిషను మీద నంబరు చదువు" అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని, కొంగుతో తుడిచి చదివింది. మొదటి అక్షరం 'ఇ'. మోడల్ పేరు చివర 'కె'. ఆమె బాబిన్ కేసు చేతితో ఊడదీసేది, నాది పైనుంచి వేసేది. మోడళ్ళు వేరు. పుట్టిల్లు మాత్రం ఒకటే, క్లైడ్‌బ్యాంక్. నేను రోజూ ఆసుపత్రికి వెళ్ళే దారికి పది మైళ్ళ దూరంలో తయారై, ఓడ ఎక్కి వెళ్ళి, ఎన్ని చేతులు మారిందో, చివరికి మా అమ్మ చేతికి వచ్చి, నన్ను చదివించి మళ్ళీ ఇక్కడికి పంపింది. ఈ సంగతి చెబితే అమ్మ చాలాసేపు మిషనునే చూస్తూ కూర్చుంది.

తరువాత ఆమె అన్న మాట నేను మరిచిపోలేను. "ఎన్ని వేల జాకెట్లు కుట్టానో లెక్కలేదే. నాకోసం ఒక్కటి కూడా తీరిగ్గా కుట్టుకోలేదు. అన్నీ రేపటికివ్వాలి, ఎల్లుండికివ్వాలి. నావి ఎప్పుడూ మిగిలిన గుడ్డతో, మిగిలిన దారంతో." అయిదేళ్ళ క్రితం మానేసి గుడ్డ కప్పేసిన మిషనుకు సంక్రాంతి ముందు నూనె వేయించింది. తనకోసం మంగళగిరి నూలుతో ఒక జాకెట్టు కుట్టుకుంది. నాలుగు రోజులు పట్టిందట. "ఎవరూ అడగరుగా, నిదానంగా కుట్టాను" అంది. కాజాలు చేత్తో వేసి, ఫోనులో దగ్గరగా పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. నేను అప్పుడెప్పుడో అన్న "సరదా" మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కాబట్టి ఉగాది నాటి పెద్దావిడకు, ఆ రోజు వరుసలో చెప్పలేకపోయిన జవాబు ఇది. పిన్నిగారూ, ఇది ఖర్మ కాదండీ. అవసరం కొద్దీ మొదలుపెట్టిన మాట నిజం. అవసరం కొద్దీ చేసే పనిని అమ్మ నాకు తగలనివ్వకుండా కాపాడింది. ఆ పనిలోని నేర్పు కూడా దానితోపాటే నాకు అందకుండా పోయింది. ఇప్పుడు ఆ నేర్పు తెచ్చుకుంటున్నాను. చేతిలో డబ్బు తక్కువైన రోజుల్లో ఇంట్లోనివాళ్ళు ముడుచుకుని తలో మూలా కూర్చోకుండా ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి మాకు ఇది దారి అయింది. నెలకు ఏడు పౌన్లకు అంతకంటే మంచి బేరం నాకు తెలియదు.

చివరిగా ఒక మనవి. మీ పెట్టెల అడుగున బిగువైపోయి పట్టని జాకెట్లు ఉండే ఉంటాయి. వచ్చే నెల సమావేశానికి నా మిషను తెస్తాను. భోజనాలయ్యాక హాలులో కిటికీ పక్కన బల్ల మీద పెడతాను. జాకెట్టూ, చిన్న కత్తెరా తెచ్చుకోండి. లోపలి కుట్టు ఎలా గుర్తుపట్టాలో, ఎలా విప్పాలో చూపిస్తాను. రుసుము ఏమీ లేదు. మగవారు కూడా రావచ్చు, విప్పే విభాగానికి మావారు అధ్యక్షులు. అటక మీద, గరాజులో పాత మిషను పడి ఉన్నవారు దాన్ని అమ్మేముందు ఒకసారి తెచ్చి చూపించండి. చక్రం తిరగకపోయినా ఫరవాలేదు, నూనె నేను తెస్తాను. తేలని రోగమైతే తెనాలికి ఫోను చేసి చప్పుడు వినిపిద్దాం.